మైనర్ 9, 11, 13 కార్డ్స్ గిటార్ మీద ఎలా నేర్చుకున్నారు?

మైనర్ 7 వరకు బాగానే వస్తోందని, 9, 11, 13 దగ్గరకొచ్చేసరికి షేపులు గుర్తుండట్లేదని, వేళ్లు చాలట్లేదని అడిగారు. వేళ్లు ఎవరికీ చాలవండీ. కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాలు కదా, మైనర్ 13లో లెక్క ప్రకారం ఏడు స్వరాలు (1, 3, 5, 7, 9, 11, 13), గిటార్‌కి ఆరే తీగలు. కొన్ని వదిలేయాల్సిందే. ఏవి వదలాలో తెలిశాకే నాకు ఈ కార్డ్స్ పట్టుబడ్డాయి.

ముందు వదిలేది రూట్ (కార్డ్‌కి పేరిచ్చే స్వరం) నుంచి లెక్కపెడితే వచ్చే ఐదో స్వరం. పక్కన బేస్ వాయించేవాళ్లుంటే రూట్ కూడా అక్కర్లేదు. మూడో స్వరం, ఏడో స్వరం మాత్రం ఎప్పుడూ వదలకండి. ఆ కార్డ్ మైనర్ అని, 7 అని చెవికి తెలిసేది వాటివల్లే.

ఇప్పుడు ఏ (A) మైనర్ 7 ఇలా పట్టండి: 6 (అన్నిటికన్నా లావుపాటి తీగ), 4, 3, 2 తీగలు, నాలుగూ 5వ ఫ్రెట్‌లోనే (ఫ్రెట్ అంటే మెడ మీద లోహపు గీతల మధ్య గడి). 6వ తీగ మీద పెట్టిన వేలి కొన 5వ తీగకు కాస్త తగిలితే అది మోగదు. ఇక్కడి నుంచి 2వ తీగను 3వ ఫ్రెట్‌కి తెస్తే మైనర్ 11, 7వ ఫ్రెట్‌కి తీసుకెళ్తే మైనర్ 13. 2వ తీగను 5లోనే ఉంచి, 1వ తీగను 7వ ఫ్రెట్‌లో నొక్కితే మైనర్ 9. ఇది అర్థమయ్యాక నేను కార్డ్ చార్టులు బట్టీ పట్టడం మానేశాను.

బారె (ఒకే వేలితో చాలా తీగలు నొక్కడం) పట్టడం ఇంకా కష్టంగా ఉంటే ఇ (E) మైనర్‌తో మొదలుపెట్టండి. 5వ తీగ, 1వ తీగ రెండో ఫ్రెట్‌లో నొక్కి, మిగతావి నొక్కకుండా ఆరూ మీటితే మైనర్ 9. ఏ వేలూ పెట్టకుండా ఆరు తీగలూ మీటితే వచ్చేది మైనర్ 11!

విడివిడిగా ఎంత సాధన చేసినా పాటలో చేతికి రావు. నాకు బాగా పనికొచ్చింది ఈ వరస (తీగ పక్కన ఉన్నది ఫ్రెట్ నంబర్). డి మైనర్ 9: 5వ తీగ 5, 4వ తీగ 3, 3వ తీగ 5, 2వ తీగ 5. జి 13: 6వ తీగ 3, 4వ తీగ 3, 3వ తీగ 4, 2వ తీగ 5. సి మేజర్ 9: 5వ తీగ 3, 4వ తీగ 2, 3వ తీగ 4, 2వ తీగ 3. మొదటి రెండింటి మధ్య బేస్ కాకుండా మారేది 3వ తీగ ఒక్కటే, అదీ ఒక్క ఫ్రెట్. ఆ మార్పు చెవికి స్పష్టంగా వినపడేంత నెమ్మదిగా వాయించండి. స్పీడ్ గురించి టెన్షన్ వద్దు.

ఒక జాగ్రత్త. మైనర్ కనిపించిన ప్రతిచోటా 9, 13 పెట్టేయకండి. సి మేజర్ పాటలో డి మైనర్‌కి 9, 11, 13 అన్నీ నప్పుతాయి. ఏ (A) మైనర్‌కి 9, 11 బాగుంటాయి, 13 పెడితే ఎఫ్ షార్ప్ వచ్చి స్కేల్ (ఆ పాట వాడే స్వరాల వరస) బయటికి పోతుంది. ఇ మైనర్‌కి 9 పెట్టినా అదే ఎఫ్ షార్ప్, అందుకే అక్కడ నేను 7 లేదా 11తో ఆగిపోతాను.