కొత్త యంత్రం ప్రభావాన్ని అంచనా వేసే ముందు

గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొండపల్లి వైపు రాబోయే పరిశ్రమకు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక తయారుచేసే బృందంలో చేరావని, అక్కడ పెట్టబోయే వ్యర్థజల శుద్ధి యంత్రం మన ప్రాంతానికి కొత్తది కావడంతో దాన్ని దేనితో పోల్చాలో తోచడం లేదని రాశావు. పోలిక దొరకనప్పుడు నేను పట్టుకునే దారి ఒక్కటే. ఆ యంత్రం ఎంత కాలుష్యం తీసేస్తుందన్నది అమ్మేవాడే చెబుతాడు. తీసేసింది ఎటు పోతుందో మనం లెక్క వేసుకోవాలి.

బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను తొలగించే ఏర్పాటునే తీసుకో. సున్నపురాయి పద్ధతిలో 64 కిలోల సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టాలంటే రసాయన లెక్క ప్రకారం 100 కిలోల సున్నపురాయి కావాలి. చివరికి 172 కిలోల జిప్సం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ కొత్తగా గాలిలో కలుస్తుంది. పొగ శుభ్రపడిన మాట నిజమే గానీ, ఆ రాయిని పల్నాడు గనుల్లో తవ్వి లారీల్లో తేవాలి, జిప్సాన్ని సిమెంటు కర్మాగారాలు కొనాలి, కొనకపోతే దాన్ని ఎక్కడో గుట్ట పోయాలి. ఇవన్నీ లెక్కలోకి రాకుండా ‘ప్రభావం స్వల్పం’ అని రాసే నివేదికల మీద నాకు నమ్మకం లేదు.

మీ యాజమాన్యం చుక్క నీరు కూడా బయటికి వదిలేది లేదని చెబుతోంది గనుక నీ లెక్క ఉప్పుతో మొదలుపెట్టు. లీటరుకు 10 గ్రాముల లవణాలున్న నీటిని రోజుకు 100 కిలోలీటర్ల చొప్పున ఆవిరి చేస్తే, రోజూ ఒక టన్ను ఉప్పు మిగులుతుంది. అది ఏ షెడ్డులో ఎన్నాళ్లు ఉంటుంది, వానకు తడిసి కారితే ఎటు పారుతుంది, దాన్ని తీసుకునే వ్యర్థాల కేంద్రంతో ఒప్పందం కుదిరిందా, ఆవిరి చేయడానికి బాయిలర్‌లో ఏ ఇంధనం కాలుస్తారు అన్నవి ఒక్కొక్కటిగా అడుగు. జవాబు మాటల్లో కాకుండా కాగితం మీద తీసుకో.

సరఫరాదారు ఇచ్చే హామీపత్రంలో అంకెల కంటే షరతులు ముఖ్యం. చల్లటి దేశంలో, చిన్న నమూనా యంత్రం మీద వచ్చిన ఫలితం, మే నెలలో 45 డిగ్రీలకు చేరే విజయవాడ ఎండలో అలాగే వస్తుందని అనుకోలేం. యంత్రం నడిచే రోజులతో పాటు అది ఆగిపోయిన రోజులను కూడా అంచనా వేయాలి. 2020 మే 7న విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి జనావాసాల మీదికి వచ్చినప్పుడు ఆ కర్మాగారం లాక్‌డౌన్ వల్ల ఉత్పత్తి ఆపి ఉంది; ట్యాంకులో నిల్వ ఉన్న సరుకే వేడెక్కి ప్రాణాలు తీసింది. కరెంటు పోయిన రాత్రి, పంపు చెడిన వారం, యజమాని డబ్బు లేక యూనిట్ మూసేసిన ఏడాది ఏమవుతుందన్నది నివేదికలో ఒక అధ్యాయమే కావాలని నా అభిప్రాయం.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద వానాకాలం కాని ఒక ఋతువులో నమూనాలు తీస్తే సాధారణంగా సరిపోతుంది. నీకు మాత్రం అది చాలదు. వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక మేటల మధ్య పాయలుగా మిగిలే కృష్ణను, వరదలో నిండుగా పోయే కృష్ణను ఒకే నదిగా లెక్కించకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. కాబట్టి రసాయనాల ట్యాంకుల పునాది ఎత్తును వరద మట్టంతో పోల్చి చూడకుండా సంతకం పెట్టకు.

ఊళ్లలోకి వెళ్లినప్పుడు సర్పంచ్‌తో మాట్లాడి వచ్చేయకు. బోరు నీళ్లు రాత్రి బిందెలో పట్టి ఉంచితే తెల్లారేసరికి తెట్టు కడుతోందా, పప్పు ఉడకడం లేదా అని ఆడవాళ్లను అడిగితే, ఏ బోరు నీళ్లను ముందుగా ల్యాబుకు పంపాలో నీకే తెలుస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి గదా, ఆలోగా తెలుగు సారాంశాన్ని నువ్వే కూర్చుని రాయి; అనువాదకుడికి అప్పగిస్తే ఊరివాళ్లకు అర్థం కాని తెలుగు తయారవుతుంది.

పూర్తి ముసాయిదా ఇప్పుడే పంపనక్కర్లేదు. నీటి లెక్క, ఉప్పు లెక్క వేసిన కాగితాలు ముందు పంపు. వాటిని చూశాక మిగతాది మాట్లాడుకుందాం.

ఇట్లు,
మామయ్య