డెంటల్ స్కూలుకు ముందు ఏ పనులు చేపట్టాలి: హారికకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి హారికకు ఆశీస్సులు.

అమెరికా డెంటల్ స్కూలు దరఖాస్తు కోసం నువ్వు పంపిన పనుల పట్టిక చూశాను. కాలేజీలో ఆరు క్లబ్బులు, నాలుగు ఒక్కరోజు క్యాంపులు, బాబాయి గారి క్లినిక్‌లో షాడోయింగ్ (డాక్టరు పక్కన ఉండి ఆయన పని చూడటం), డిసెంబరు సెలవుల్లో గుంటూరులో "దంత సేవ". ఇంకేం చేర్చాలని అడిగావు. ఇందులో సగానికి పైగా తీసేయాలమ్మా. ఏవి తీసేయాలో, ఎందుకో ఓపిగ్గా చదువు.

మీ నాన్నకు ఈ వ్యవహారమంతా అనవసరమనిపించడం సహజమే. మన దగ్గర బీడీఎస్ సీటుకు నీట్ ర్యాంకు చాలు. నువ్వు వారాంతాల్లో ఎక్కడ గడిపావో కౌన్సెలింగ్‌లో ఎవరూ అడగరు. అమెరికాలో మార్కులు, డాట్ (డెంటల్ ప్రవేశ పరీక్ష) స్కోరు చూశాక అడ్మిషన్ కమిటీ ఇంకో నాలుగు సంగతులు తెలుసుకోవాలనుకుంటుంది. ఈ అమ్మాయికి దంతవైద్యుడి రోజు ఎలా గడుస్తుందో తెలుసా? తనలాంటివాళ్లు కాని మనుషులతో మసలగలదా? చేతులతో చేసే పనిలో ఓపిక ఉందా? మొదలుపెట్టినదాన్ని విసుగు పుట్టాక కూడా కొనసాగిస్తుందా? నీ పట్టికలోని ప్రతి పని పక్కన ఈ నాలుగింట్లో అది దేనికి జవాబో రాయి. దేనికీ జవాబు కానిదాన్ని వదిలెయ్. నాలుగు పనులు ఒకే ప్రశ్నకు జవాబైతే, వాటిలో ఎక్కువకాలం నిలిచేదాన్ని మాత్రం ఉంచు.

దరఖాస్తు తీరు తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. ఎక్కువ డెంటల్ స్కూళ్లకు ఒకేచోటి నుంచి దరఖాస్తు పంపే ఆడ్సాస్‌లో ఒక్కో అనుభవానికి వివరణ రాసే చోటు 600 అక్షరాలే, ఖాళీలతో కలిపి. అన్నింటిలోకీ ముఖ్యమైనవని ఆరింటిని గుర్తుపెట్టవచ్చు. అంటే చదివేవాళ్ల కళ్లు ముందు ఆ ఆరింటి మీదే పడతాయి. ఆరు క్లబ్బుల సభ్యత్వాలు అక్కడ పనికిరావు. దరఖాస్తు మే నెలలో తెరుచుకుంటుంది, జూన్ నుంచి పంపవచ్చు, చాలా స్కూళ్లు వచ్చినవి వచ్చినట్టే చూస్తూ పోతాయి. నువ్విప్పుడు రెండో ఏడాది మొదట్లో ఉన్నావు కాబట్టి, మూడో ఏడాది చివర పంపేలోగా దాదాపు ఇరవై నెలలున్నాయి. పరీక్షలు, సెలవులు తీసేస్తే అరవై వారాలు మిగులుతాయనుకో. వారానికి మూడు గంటలు ఒకేచోట పనిచేస్తే 180 గంటలు. ఒక్కరోజు క్యాంపులు ఎన్ని పోగుచేసినా ఆ నిలకడ కనపడదు.

ముందు షాడోయింగ్ సంగతి. దీన్ని తప్పించుకోలేం. స్కూలును బట్టి అడిగేది మారుతుంది కాబట్టి 100 గంటలు లక్ష్యంగా పెట్టుకుంటే చాలా చోట్ల ఇబ్బంది ఉండదు. అందులో యాభై, అరవై గంటలు జనరల్ డెంటిస్టు దగ్గరే గడవాలి, ఎందుకంటే డిగ్రీ పూర్తయిన రోజున నువ్వు అయ్యేది జనరల్ డెంటిస్టువే. మిగతావి ఓరల్ సర్జను, పిల్లల దంతవైద్యులు, ఎండోడాంటిస్టు (రూట్ కెనాల్ నిపుణులు), ప్రభుత్వ సాయంతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటరు మధ్య పంచు. అన్ని గంటలూ పళ్లకు బ్రేసులు వేసే ఆర్థోడాంటిస్టు దగ్గరే గడిపిన దరఖాస్తులు చాలా వస్తుంటాయి. బ్రేసులు వేయించుకున్న పిల్లలకు తెలిసిన డాక్టరు ఆయనొక్కడే మరి. కానీ ఇంటర్వ్యూలో ఒక క్రౌన్ (పంటికి తొడిగే తొడుగు) ఎలా తయారు చేస్తారో చెప్పమంటే వాళ్ల నోట మాట రాదు.

బాబాయి గారి క్లినిక్‌కు వెళ్లడంలో తప్పులేదు, అదొక్కటే కాకూడదు. చుట్టాలు రాసిన సిఫారసు ఉత్తరానికి విలువ ఉండదు, ఆడ్సాస్‌కు పంపగలిగేవి నాలుగు ఉత్తరాలే. అందులో ఒకటి డెంటిస్టు రాయాలంటే, ఆయన నిన్ను రెండుసార్లు చూసి ఊరుకుంటే సరిపోదు. అందుకే ఒక జనరల్ డెంటిస్టు దగ్గర నెలకు రెండు అరపూటల చొప్పున ఏడాది పాటు వెళ్లు.

కొత్త క్లినిక్‌ను అడిగేటప్పుడు సోమవారం పొద్దున్నే ఫోన్ చేయకు. శనాదివారాల్లో పన్నునొప్పితో అల్లాడినవాళ్లంతా అప్పుడే ఫోన్ చేస్తారు. వారం మధ్యలో చేసి ఆఫీసు మేనేజరుతో మాట్లాడు. "ఒక్క అరపూట, నాలుగు గంటలు చూడనిస్తారా" అని అడుగు. వంద గంటలని మొదటే అంటే ఎవరైనా జంకుతారు. ముందువైపు మూసిన బూట్లు, నగలు లేని చేతులు, వెనక్కి కట్టిన జుట్టు, ఫోను సంచిలోనే. హెపటైటిస్ బి టీకా రికార్డు దగ్గర ఉంచుకో, చాలా చోట్ల అడుగుతారు. రోగి కుర్చీలో ఉండగా ప్రశ్నలు వేయకు, ఆయన బయటికి వెళ్లాక అడుగు.

ఏం చూడాలో తెలియక పిల్లలు మూల నిలబడి నాలుగు గంటలు గడిపి వచ్చేస్తారు. నోట్లోకి తొంగిచూడటం ఒక్కటే కాదు, తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చాక డాక్టరు ఎంతసేపు ఆగుతారో, ఆ ఖాళీలో ఏం మాట్లాడతారో గమనించు. ఫిల్లింగుకు ముందు పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పలచని రబ్బరు తెర ఎందుకు బిగిస్తారో అడుగు. తడి తగిలితే కాంపోజిట్ (పంటిరంగు ఫిల్లింగు పదార్థం) సరిగా అంటుకోదన్న సంగతి నీ కళ్లతో చూసినప్పుడే గుర్తుంటుంది. క్రౌన్‌కు ఇంత ఖర్చవుతుందని చెప్పగానే రోగి ముఖం ఎలా మారుతుందో, పన్ను తీసేయమని ఎందుకంటారో చూడు. మెడ వంచి, నడుం వంచి పొద్దంతా చేసే పని ఇది. ఆ అలసట చూశాక కూడా నీకు ఇదే కావాలనిపిస్తోందా అన్నది నువ్వు ముందు తేల్చుకోవాలి. ఇంటికి రాగానే తేదీ, డాక్టరు పేరు, గంటలు, చూసిన చికిత్సలు, ఒక ప్రశ్న, ఆశ్చర్యపరిచిన ఒక విషయం నోటుపుస్తకంలో రాసుకో. రోగి పేరు మాత్రం ఎక్కడా రాయకు, ఫొటో తీయకు. రోగుల వివరాలు బయటపెట్టకూడదనే హిపా చట్టం నీకూ వర్తించినట్టే నడుచుకో. ఏడాదిన్నర తరువాత 4,500 అక్షరాల పర్సనల్ స్టేట్‌మెంట్ రాసేటప్పుడు ఈ పుస్తకమే నిన్ను ఆదుకుంటుంది.

ఇక గుంటూరు ప్రయాణం. దీని గురించి గట్టిగా చెప్తున్నాను, నొచ్చుకోకు. తెలిసినవాళ్ల క్లినిక్ కదా అని అక్కడ నీ చేత ఇంజెక్షన్ చేయిస్తారు, పన్ను పీకనిస్తారు. వాళ్లు ప్రేమతోనే ఇస్తారు. కానీ న్యూజెర్సీలో నీకు అనుమతి లేని పని గుంటూరులో చేయడం తప్పే, అక్కడి రోగి నీ అభ్యాసానికి దొరికిన వస్తువు కాదు. నరం దెబ్బతింటే, వేరు విరిగి లోపల ఉండిపోతే బాధపడేది ఆయన. కమిటీలు కూడా దీన్ని గొప్పగా చూడవు. "సెలవుల్లో పళ్లు తీశాను" అన్న ఒక్క వాక్యం మంచి దరఖాస్తును పాడుచేస్తుంది. వెళ్లాలనుకుంటే వెళ్లు, చూడు, చేతులు పెట్టకు.

ఊరికి వెళ్లే నీలాంటి పిల్లలకు అంతకంటే మంచి అవకాశం ఒకటుంది. నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై తరాలుగా పళ్లూ ఎముకలూ పాడైన ఊళ్లున్నాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల వరకే ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అదే ఫ్లోరైడ్‌ను అమెరికాలో చాలా చోట్ల పిప్పిపళ్లు రాకుండా లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉండేలా నీళ్లలో కలుపుతారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఎనామిల్ (పంటి పైపొర) తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, ఎక్కువ ఫ్లోరైడ్ తాగిన పిల్లల పళ్ల మీద తెల్లటి చారలు, ఇంకా ఎక్కువైతే గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఏదైనా డెంటల్ కాలేజీలో ప్రజారోగ్య దంతవైద్య విభాగం వాళ్లను ముందుగా రాసి అడిగి, వాళ్ల పల్లె శిబిరం వెంట రెండు వారాలు తిరిగి, రిజిస్టరు రాయడంలో సాయపడు. తెలుగు చదవడం రాయడం వచ్చిన నీకు అది చేతనవుతుంది. ఇంటర్వ్యూలో నీటికీ పంటికీ ఉన్న సంబంధం గురించి నీ కళ్లతో చూసింది చెప్పగలుగుతావు.

సేవ విషయంలో మన పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. గుడిలో, తానా సభల్లో, తెలుగు సంఘం కార్యక్రమాల్లో చేసిన పనే మొత్తం రాస్తారు. అది మంచిదే, అన్నీ మనవాళ్ల మధ్యే అయితే రెండో ప్రశ్నకు జవాబు దొరకదు. వారానికోసారి ఒక ఉచిత క్లినిక్‌లోనో, కమ్యూనిటీ హెల్త్ సెంటరులోనో ముందు బల్ల దగ్గర కూర్చో. ఇన్సూరెన్సు లేక పదేళ్లుగా డెంటిస్టు గడప తొక్కనివాళ్లు వస్తారు. ముసలివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మామూలు మెడికేర్ బీమాలో పళ్ల చికిత్సకు దాదాపుగా డబ్బు రాదని, పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్‌లో వయోజనులకు ఏం దొరుకుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుందని పుస్తకంలో చదవడం వేరు, ఆ పత్రాలు పట్టుకుని నిలబడ్డ ముసలాయనకు చెప్పాల్సి రావడం వేరు. తెలుగు పెద్దవాళ్లు వస్తే ఫారం నింపడంలో సాయం చెయ్. మందుల దగ్గర, సమ్మతి పత్రం దగ్గర మాత్రం శిక్షణ పొందిన దుబాసీనే పిలవమను. అక్కడ ఒక్క మాట తప్పినా ప్రమాదం.

రిమోట్ ఏరియా మెడికల్ వాళ్ల ఉచిత వైద్య శిబిరాలు, పిల్లలకు ఉచితంగా పళ్లు చూసే, ఫిబ్రవరిలో మొదలయ్యే గివ్ కిడ్స్ ఎ స్మైల్ కార్యక్రమాలు ఏడాదికోసారి వెళ్లదగ్గవి. వాటిని వారంవారం చేసే పనికి తోడుగా ఉంచుకో, బదులుగా వద్దు.

మనబడిలో పిల్లలకు తెలుగు నేర్పుతున్నావు కదా, దాన్ని మాత్రం వదలకు. నీ పట్టికలో అది ఎక్కడో అడుగున రాసుంది, నా లెక్కలో మొదటి మూడింట్లో ఉండాలి. మూడేళ్లుగా ప్రతి వారం, కదలకుండా కూర్చోని ఏడేళ్ల పిల్లల ముందు నిలబడుతున్నావు. పిల్లల డెంటిస్టుకు కావలసిన ఓపిక అదే. కావాలంటే ఏడాదికొకసారి తల్లిదండ్రులను కూర్చోబెట్టి, మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠాణీగింజంత పేస్టు చాలని, సీసాపాలతో నిద్రపుచ్చితే ముందుపళ్లు ఎలా పుచ్చుతాయో చూపించు. ముందు స్కూలు నడిపేవాళ్ల అనుమతి తీసుకో.

చేతిపని గురించి అనవసరంగా కంగారుపడుతున్నావు. ఒకప్పుడు డాట్ పరీక్షలో సుద్దముక్కలు చెక్కించేవారు, ఇప్పుడు ఆ చోట కంప్యూటరు మీద ఆకారాలను పోల్చి గుర్తుపట్టే తొంభై ప్రశ్నలు, అరవై నిమిషాలు. అయినా ఇంటర్వ్యూల్లో చేతి గురించి అడుగుతూనే ఉంటారు. దీనికోసం కొత్త కోర్సుల్లో చేరకు. నీకు వీణ వచ్చు, కుట్టుపని వచ్చు. చిన్న తప్పు కూడా వెంటనే బయటపడే పని ఏదైనా సరే, పక్కన సరిదిద్దే గురువుంటే ఇంకా మంచిది. చెక్కే మైనం దిమ్మలు, ఒక మైనపు కత్తి కొనుక్కుని ముందుపన్ను రెట్టింపు సైజులో చెక్కి చూడు. కొలత స్కేలు పెట్టుకో, మొదటి నాలుగూ పాడవుతాయి. అది నీ ఆసక్తి తేల్చుకోవడానికే, దరఖాస్తులో రాయకపోయినా పర్లేదు.

జీతం వచ్చే పనిని చిన్నచూపు చూడకు. కిరాణా కొట్టులో క్యాషియరుగా ఉన్న రెండేళ్లు కూడా అనుభవమే, దరఖాస్తులో దానికి వేరే వర్గమే ఉంది. వేసవిలో డెంటల్ అసిస్టెంటుగా చేరగలిగితే మరీ మంచిది. న్యూజెర్సీలో ఎక్స్‌రే తీయడానికి రాష్ట్ర లైసెన్సు కావాలి, అది లేకుండా ఎవరు తీయమన్నా తీయకు. స్టెరిలైజేషన్ గదిలో పని దొరికినా సంతోషంగా చేరు. పనిముట్లు కడిగి, సంచుల్లో వేసి, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి, అది సరిగా పనిచేస్తోందో లేదో వారానికి ఒకసారైనా స్పోర్ పరీక్ష చేసి పుస్తకంలో రాయడం, రోగికి కనపడకపోయినా రోగిని కాపాడే పని.

పరిశోధన మీద ఇష్టం ఉంటేనే చెయ్. లేకపోతే ల్యాబులో గాజుసామాను కడుగుతూ రెండు సెమిస్టర్లు గడిపి ఏం తేల్చారో చెప్పలేని స్థితిలో ఉంటావు.

రాసే తీరు చివరి నిమిషానికి వదలకు. "ఫిల్లింగులు, క్రౌనులు, రూట్ కెనాళ్లు చూశాను, కరుణ నేర్చుకున్నాను" అని రాస్తే ఎవరు రాసిందీ తెలియదు. "శనివారాలు తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర. మొదటిసారి వచ్చేవాళ్లు మందుల జాబితా తేవడం లేదని గమనించి, ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేసే పద్ధతి మొదలుపెట్టాను" అని రాస్తే అది నీదే. గంటలు పెంచి రాయకు. ఆడ్సాస్ పర్యవేక్షకుల పేరు, ఫోను అడుగుతుంది, వాళ్లను సంప్రదించవచ్చా అనీ అడుగుతుంది. దరఖాస్తు పంపేశాక పాతవాటిని దిద్దలేవు, కొత్తవి మాత్రం చేర్చగలవు.

ఈ వారం రెండు పనులు చెయ్. ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ హెల్త్ సెంటరులో వాలంటీర్ల సమన్వయకర్త ఎవరో కనుక్కుని శనివారం పూట అడుగు. నువ్వు పేరుకే ఉన్న నాలుగు క్లబ్బుల వాళ్లకు మర్యాదగా తప్పుకుంటున్నానని రాసెయ్. కుదించిన పట్టికను నాలుగు ప్రశ్నల జవాబులతో నాకు పంపు, ఆదివారం కూర్చుని చూద్దాం. మీ అమ్మకు నా మాటగా చెప్పు, డిసెంబరు టికెట్లు రద్దు చేయనక్కర్లేదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ