దేశం పోయాక కూడా యుద్ధం చేసిన స్కాల్‌స్కీ

పోలండ్ 1939లోనే ఓడిపోయింది కదా, మరి ఫైటర్ పైలట్ స్టానిస్వావ్ స్కాల్‌స్కీ యుద్ధం చివరిదాకా ఎవరి తరఫున పోరాడాడు అన్నది ప్రశ్న. పోలండ్ తరఫునే, కాకపోతే బ్రిటన్ నుంచి. దేశాన్ని జర్మనీ, సోవియట్ యూనియన్ పంచుకున్నా ప్రభుత్వం లొంగలేదు. ముందు ఫ్రాన్స్‌కి, 1940లో లండన్‌కి మారి, అక్కడి నుంచే తన సైన్యాన్ని నడిపింది.

1939 సెప్టెంబర్ 1న, అంటే యుద్ధం మొదటి రోజునే, కూలిపోయిన జర్మన్ విమానం పక్కన స్కాల్‌స్కీ తన పీ-11 యుద్ధ విమానాన్ని దించి, గాయపడిన శత్రువులకు ప్రథమ చికిత్స చేశాడు. ఆయన కూల్చిన విమానాల లెక్క కంటే నాకు ఈ సంగతే ఎక్కువ గుర్తుంటుంది.

తర్వాత రుమేనియా మీదుగా ఫ్రాన్స్, అక్కడి నుంచి బ్రిటన్. బ్రిటిష్ వైమానిక దళంలోని 501 స్క్వాడ్రన్ అనే దళంలో హరికేన్ యుద్ధ విమానం నడుపుతూ 1940 సెప్టెంబర్‌లో తనే కూలి, కాలిన గాయాలతో ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకుని మళ్లీ ఎగిరాడు. 1943లో ట్యునీషియాలో ఆయన నడిపిన చిన్న పోలిష్ జట్టుకి 'స్కాల్‌స్కీ సర్కస్' అని పేరొచ్చింది. అదే ఏడాది 601 స్క్వాడ్రన్‌కి కమాండర్ అయ్యాడు. బ్రిటిష్ స్క్వాడ్రన్‌ను ఒక పోలిష్ పైలట్ చేతికివ్వడం అప్పట్లో మామూలు విషయం కాదు.

అసలు కష్టం గెలిచాకే వచ్చింది. 1947లో స్వదేశానికి వెళ్తే, మరుసటి ఏడాది కమ్యూనిస్టు ప్రభుత్వం గూఢచారి అంటూ అరెస్టు చేసి, 1950లో మరణశిక్ష వేసింది. అది యావజ్జీవంగా మారింది, 1956లో విడుదలయ్యాడు. మళ్లీ వైమానిక దళంలో చేరాడు. 2004లో వార్సాలో చనిపోయాడు.