చిన్నీ, ఆ కంపేర్ జోలికి పోకు

చిన్నీ,

నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి, "ఇది ఏదో జనరిక్ చేస్తానంటోందిరా, మందుల షాపంటే మాటలా, లైసెన్సులూ గట్రా" అని ఒకటే కంగారు. కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు, నువ్వు ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఆ సెట్ లైబ్రరీ (ఒకటే రెండుసార్లు రాని, వరసతో పనిలేని గుంపుల్ని దాచే కోడ్) గురించని. ఇన్నాళ్లూ అంకెలకే పనిచేసేదాన్ని ఏ టైపు డేటాకైనా పనికొచ్చేలా, అంటే జనరిక్‌గా మారుస్తున్నావట. గర్వంగా అనిపించింది, ఆ వెంటనే భయమూ వేసింది, ఎందుకంటే నీ వయసులో నేనూ ఇదే పని చేసి బాగా దెబ్బతిన్నాను.

పాత ఫంక్షన్ల పేర్లు తీసేయకు, వాడేవాళ్లు తిడతారు. టెస్టులు ముందే రాయి. ఇవి నీకు తెలిసినవే.

ఓకామెల్‌లో కంపేర్ అని ఒకటి ఊరికే దొరుకుతుంది కదా, దాదాపు ఏ టైపు ఇచ్చినా పోల్చేస్తుంది. ఇంకేం, లైబ్రరీ అంతా దాని మీదే కట్టి, జనరిక్ అయిపోయిందని కాలరెగరేశాను. అప్పుడు నేను చేస్తున్నది బిల్లింగ్ పని. ఒక్కో కస్టమర్ తీసుకున్న సర్వీసుల నంబర్లు ఒక సెట్, అవే సర్వీసులు తీసుకున్నవాళ్లంతా ఒక గ్రూపు, గ్రూపులో పదిమంది దాటితే డిస్కౌంటు. అంటే గ్రూపుని గుర్తుపట్టే కీ ఆ సెట్టే అన్నమాట. తీరా చూస్తే ఒకే గ్రూపు రెండుగా చీలిపోయి, డిస్కౌంటు రావాల్సినవాళ్లకు రాలేదు. ప్రింట్ చేస్తే రెండు సెట్లూ అచ్చు ఒకేలా ఉన్నాయి, సమానమా అని అడిగితే కాదంటోంది! మూడు రాత్రులు నిద్ర లేదు. మీ పిన్ని టీ తెచ్చి పెట్టి, "ఇంకా ఆ కవలల దగ్గరే ఉన్నావా" అనేది.

సెట్‌ని లోపల దాచేది చెట్టులా, కొమ్మలు కొమ్మలుగా కదా, చివరికి ఆ చెట్టుని కాగితం మీద గీస్తే దొరికింది. 1 పెట్టి తర్వాత 2 పెడితే పైన 1, దాని కుడివైపు 2. ముందు 2 పెట్టి తర్వాత 1 పెడితే పైన 2, ఎడమవైపు 1. ఉన్నవి అవే రెండు అంకెలు, కానీ కంపేర్ చూసేది లోపలి చెట్టు ఆకారాన్ని. దానికి అది సెట్ అని తెలిస్తే కదా! పైగా లోపల ఎక్కడైనా ఫంక్షన్ తగిలిందా, పోల్చలేనని ఎక్సెప్షన్ విసురుతుంది. అది నయం, కనీసం అరుస్తుంది. నన్ను ముంచింది నోరెత్తకుండా తప్పు జవాబు చెప్పడమే.

అందుకని బద్ధకించకుండా ఫంక్టర్ రాయి, అదే, ఒక మాడ్యూల్‌ని (కోడ్ మూటని) తీసుకుని ఇంకో మాడ్యూల్ చేసిచ్చేది. టైపూ, దాన్ని పోల్చే పద్ధతీ ఉన్న మాడ్యూల్‌ని అడిగి తీసుకో, ఓకామెల్‌తో వచ్చే సెట్.మేక్ చేసేది అదే. దానికి పూర్ణాంకాల ఇంట్ మాడ్యూల్ ఇస్తే వచ్చే సెట్‌కి, చెట్టు ఆకారాన్ని కాక లోపలి అంకెల్ని చూసే సొంత కంపేర్ ఉంటుంది, దాన్ని మళ్లీ సెట్.మేక్‌కే ఇస్తే సెట్ల సెట్ వచ్చేస్తుంది. పెరిగే వరసలో కట్టిన సెట్‌ని, తరిగే వరసలో కట్టిన సెట్‌తో కలపబోతే కంపైలరే ఆపేస్తుంది, ఎందుకంటే అవి రెండు వేరు టైపులు.

అలాగని అన్నిటినీ జనరిక్ చేసేయకు తల్లీ. హాస్కెల్ అనే ఇంకో భాషలో 2015లో, పొడవు చెప్పే లెంగ్త్ ఫంక్షన్‌ని అలాగే సాగదీశారు, ఇప్పుడు (3, 5) అనే జంట పొడవెంత అంటే 1 అంటుంది. దానికీ కారణం ఉంది, కాదనను, కానీ నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రాత్రి రెండింటిదాకా కూర్చుంటున్నావని కూడా విన్నాను, కళ్లు పాడుచేసుకోకు. ముందు ఆ 1, 2 టెస్టూ 2, 1 టెస్టూ రాసి నాకు పంపు. మీ నాన్నకి మందుల షాపు కాదని నేనింకా చెప్పలేదు, ఆ సంగతి నువ్వే చూసుకో.

బాబాయి