అడిగేది ఎప్పుడూ నేనేనా?

ప్రశ్న: మాది కర్నూలు. పెళ్లయి ఐదేళ్లు. పోయిన ఏడాది బాబుని అమ్మ దగ్గర వదిలి ఇద్దరమే గోవా వెళ్లాం. నేను హలాల్ కాని మాంసం ముట్టను. ఆయనా ఇంట్లో అంతే, బయటికెళ్తే మాత్రం చూసీచూడనట్టు పోతారు. బీచ్ పక్కన ఓ హోటల్లో నేను వెయిటర్‌ని అడిగితే అతను నవ్వాడు. ‘అందరి ముందూ పరువు తీయకు, చేపకి హలాలేంటి’ అని ఆయన విసుక్కున్నారు. మిగతా రెండు రోజులూ అరటిపళ్లు, బ్రెడ్డుతో సరిపెట్టుకున్నాను. మాటల్లేవు. ఇప్పుడు డిసెంబరులో మలేసియాలోని లంకావికి వెళ్దామంటున్నారు. అక్కడ అందరూ మనవాళ్లే, టెన్షన్ లేదంటారు. మళ్లీ అదే జరుగుతుందని నా భయం. నాది ఛాదస్తమా?

జవాబు: కాదమ్మా. అయ్యప్ప మాల వేసుకున్నాయన హోటల్‌కెళ్లి ‘గరిటె వేరేదేనా’ అని అడిగితే ఎవరూ నవ్వరు. ‘వేరే వండిస్తాం స్వామీ’ అంటారు. పక్కన కూర్చున్న భార్య తల దించుకోదు. మీరడిగిందీ అలాంటిదే.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట ‘అందరి ముందూ’. కర్నూల్లో మాంసం ఏ కొట్లో తేవాలో మీ ఆయనకు బాగా తెలుసు. అక్కడ ఆ జాగ్రత్త ఇంటిది, ఇద్దరిదీ. ఊరు దాటగానే అది మీ ఒక్కరి నెత్తిన పడుతోంది. అడగడం మీ పని, సిగ్గుపడటం ఆయన పని అయిపోయింది. గోవాలో మీ కడుపు మాడ్చింది ఆకలి ఒక్కటే కాదు. మనిషి పక్కనే ఉండి కూడా మీ వైపు లేకపోవడం.

చేప విషయంలో ఆయన సగం కరెక్టే, ఆ సగం ఒప్పేసుకోండి. చేపకు జబహ్ (అల్లా పేరు తలచి గొంతు కోసే పద్ధతి) అక్కర్లేదు. కానీ అదే పెనం మీద అంతకుముందు ఏం వేయించారు, సాసులో వైన్ పోశారా అన్నది వేరే ప్రశ్న. మీరు వెయిటర్‌ని అడిగింది కూడా బహుశా ఇదే. చేప గురించి కాదు, పెనం గురించి అని ఆయనకు విడమరిచి చెప్పారా? చాలా ఇళ్లలో ఈ వాదన ‘చేప’ దగ్గరే ఆగిపోయి, పెనం దాకా రాదు.

ఇక లంకావి. ‘అందరూ మనవాళ్లే’ అన్న ధీమాతో మాత్రం విమానం ఎక్కొద్దు. 1987 నుంచి అది సుంకం లేని దీవి. చాక్లెట్లూ చవకే, మందూ చవకే. పాంతాయ్ చెనాంగ్ బీచ్ వెంట బార్లు కనిపిస్తాయి. అది చూసి మొదటి సాయంత్రమే మీరు ‘ఇక్కడికా తెచ్చారు’ అన్నారనుకోండి, గోవా మళ్లీ మొదలైనట్టే. హడావుడి వద్దనుకుంటే ఉత్తరాన తంజుంగ్ రూ వైపు గది చూసుకోండి. సందడి, నడిచి వెళ్లేంత దూరంలో తిండి కావాలంటే చెనాంగే మేలు. సూర్యాస్తమయం కూడా అక్కడ సముద్రంలోకే.

తిండికి మాత్రం మీకు నిజంగా ఊరటే. అక్కడ హలాల్ ముద్ర ఇచ్చేది జాకిమ్ అనే ప్రభుత్వ శాఖ, రాష్ట్రాల మత మండళ్లు. గోడ మీద ఆ ముద్ర ఉంటే ఇంకేమీ అడగక్కర్లేదు. ‘నో పోర్క్, నో లార్డ్’ అని బోర్డు పెట్టే హోటళ్లూ ఉంటాయి. పంది మాంసం, కొవ్వు వాడమని దాని అర్థం, అంతే. కోడి ఎక్కడిదో అది చెప్పదు. ఈ తేడా తెలియక మోసపోయామని గొడవపడేవాళ్లున్నారు. మలయ్ ముస్లింలు నడిపే చిన్న బండ్లకు చాలాసార్లు ముద్ర ఉండదు, తినేవాళ్లు మాత్రం ఊరివాళ్లే. పొద్దున రోటీ చనాయ్ తినండి, మన పరోటాకు చుట్టమే. తమిళ ముస్లింల హోటళ్లను అక్కడ ‘మామక్’ అంటారు. పప్పు పులుసుతో రోటీ తెచ్చిపెడితే పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించదు.

ఒక చిక్కుంది, ముందే చెప్తాను. ఇస్లాం ధర్మశాస్త్రంలో వేర్వేరు సంప్రదాయాలున్నాయి. మన వైపు ముస్లింలలో ఎక్కువమంది హనఫీ సంప్రదాయం వాళ్లు. పీతలు, స్క్విడ్ ముట్టరు. రొయ్యల దగ్గర ఆలిములే (మత పండితులే) రెండు రకాలుగా చెప్తారు. మలేసియా ముస్లింలు ఎక్కువగా షాఫియీ సంప్రదాయం వాళ్లు, వాళ్లకు అవన్నీ హలాలే. కాబట్టి ముద్ర ఉన్న చోట కూడా పీతల కూర వస్తుంది. కేతమ్ అంటే పీత, సోతోంగ్ అంటే స్క్విడ్, ఉదాంగ్ అంటే రొయ్య, ఇకాన్ అంటే చేప, ఆయమ్ అంటే కోడి. ఈ ఐదు మాటలు మీ ఆయన నేర్చుకోవాలి. మీరు కాదు, ఆయన.

నా సలహా అంతా అక్కడే ఉంది. టికెట్లు కొనకముందే, బాబు పడుకున్నాక, ఒక మాట అడగండి: ‘ఈసారి హోటల్లో అడిగేది మీరు. నేను మెనూ చూస్తూ కూర్చుంటాను. సరేనా?’ గోవా సంగతి తవ్వొద్దు. ఆయన బిడియం కూడా నిజమే, అది కొంచెం గౌరవించాల్సిందే. అడిగితే నవ్వే చోట అడగడం కష్టం. రోజూ అందరూ అడిగే చోట తొలి రెండు పూటల్లోనే ఆ బిడియం కరిగిపోవచ్చు.

మీ వైపు నుంచీ ఒకటి. ముద్ర చూశాక వంటింట్లోకి తొంగిచూడటం మానాలి. ఆయన పళ్లెం మీద ఫత్వాలు ఇవ్వకండి. మీకు సందేహమున్నది మీరు తినరు, ఆయన ఏం తింటారన్నది ఆయనకూ అల్లాకూ మధ్య. ఇది మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, ఉత్తరంలోనే కనిపించింది.

డిసెంబరు మంచి ఎంపికే, అక్కడ వానలు వెనకబడే కాలం. రంజాన్ నెలకు మార్చొద్దు, పగలు మలయ్ కొట్లు చాలావరకు మూసి ఉంటాయి. 2023 డిసెంబరు నుంచి మనవాళ్లకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. అయితే ఆ సడలింపుకు గడువుంది, టికెట్ ముందు సరిచూసుకోండి. చేరే మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. నమాజు గురించి దిగులొద్దు, చాలా హోటల్ గదుల్లో కిబ్లా (మక్కా దిక్కు) చూపే బాణం గుర్తు ఉంటుంది.

తీరిక దొరికితే మహ్సూరి సమాధి చూడండి. భర్త యుద్ధానికి వెళ్లినప్పుడు ఆమె మీద తప్పుడు నింద వేసి చంపారని, తెల్లని రక్తం కారిందని, ఆమె శాపం ఆ దీవిని ఏడు తరాలు పట్టి పీడించిందని అక్కడ చెప్పుకుంటారు. గూడుకట్టుకున్న మాటలు ఏమైనా మిగిలి ఉంటే ఆ ఆవరణలో కాదు, సాయంత్రం ఒడ్డున మాట్లాడుకోండి. కడుపు నిండాకే సుమా.