ఇంటి పన్నుకు ఒక శాతం పరిమితి ఉన్నప్పుడు నగరం జీతంపై పన్ను వేయవచ్చా?

ప్రశ్న: నా భర్త 2024 నవంబర్ నుంచి ఇండియానాపొలిస్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటూ అక్కడే ఉద్యోగం చేస్తున్నారు. అప్పటికి నేను, పిల్లలు షికాగోలో ఉన్నాం, నా ఉద్యోగం కూడా అక్కడే. 2025 ఫిబ్రవరిలో కార్మెల్‌లో ఇల్లు కొన్నాం, మార్చిలో అందరం ఇక్కడికి మారాం, ఏప్రిల్ నుంచి నేనూ కార్మెల్‌లోనే పనిచేస్తున్నాను. ఇండియానాలో సొంతింటిపై ప్రాపర్టీ టాక్స్ ఒక శాతం దాటదని, ఆ హామీ రాజ్యాంగంలోనే ఉందని ఇల్లు కొనేటప్పుడు చెప్పారు. ఆ పరిమితి వల్ల తగ్గిన రాబడిని పూడ్చుకోవడానికి నగరాలు ఆదాయ పన్ను వేసుకోవచ్చని ఇప్పుడు కొత్త చట్టం వచ్చిందట. ఇది రాజ్యాంగాన్ని దొడ్డిదారిన దాటడం కాదా? మేం కోర్టుకు వెళ్లవచ్చా? మా ఇద్దరికీ 2025కు ఏ కౌంటీ పన్ను వర్తిస్తుంది? మావి హెచ్-1బీ వీసాలు.
– ఒక పాఠకురాలు, కార్మెల్

జవాబు: రాజ్యాంగం ప్రకారం మీరు చెప్పిన కారణంపై వేసే వ్యాజ్యం నిలబడదని ముందే స్పష్టంగా చెప్పడం నా బాధ్యత. ఇండియానా రాజ్యాంగం పదో అధికరణంలోని మొదటి సెక్షన్‌కు 2010 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించిన సవరణ, సొంత నివాసానికి 1 శాతం, ఇతర నివాస గృహాలకు, సాగుభూమికి 2 శాతం, మిగిలిన ఆస్తులకు 3 శాతం చొప్పున ఆస్తి పన్నుకు పరిమితి విధించింది. ఆ పరిమితి ఆస్తి విలువపై వేసే పన్నుకే తప్ప, పౌరుడు నగరానికి కట్టే మొత్తం పన్నులకు కాదు. అదే అధికరణంలోని ఎనిమిదో సెక్షన్, ఏ మూలం నుంచి వచ్చిన ఆదాయంపైనైనా పన్ను విధించే అధికారాన్ని శాసనసభకు ఇస్తోంది. ఈ రెండు సెక్షన్లూ పక్కపక్కనే అమలులో ఉన్నాయి కనుక, ఒకదాని కింద తగ్గిన రాబడిని మరొకదాని కింద రాబట్టుకోవడం రాజ్యాంగ ఉల్లంఘన అని ఏ న్యాయస్థానమూ అంటుందని నేను అనుకోను.

అయితే నగరానికి ఈ విషయంలో సొంత అధికారం ఏమీ లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. స్థానిక సంస్థల అధికారాలను నిర్ణయించే ఇండియానా హోం రూల్ చట్టం ప్రకారం, శాసనం స్పష్టంగా ఇచ్చిన అధికారం లేనిదే ఏ స్థానిక సంస్థా పన్ను వేయకూడదు. అందువల్ల శాసనం చెప్పిన రేటు మించినా, చెప్పిన పద్ధతిలో నోటీసు ఇవ్వకపోయినా, బహిరంగ విచారణ జరపకపోయినా ఆ తీర్మానాన్ని ప్రశ్నించవచ్చు. కోర్టులో బలమున్న వాదన అదే. మన భారతదేశంలో నగరపాలక సంస్థలకు ఆదాయ పన్ను వేసే అధికారం అసలు లేదు. జీతం మీద రాష్ట్రం వేసే వృత్తి పన్ను కూడా రాజ్యాంగంలోని 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 2,500 రూపాయలు దాటదు. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చినవారికి కౌంటీ ఆదాయ పన్ను వింతగా అనిపించడం సహజమే గానీ, ఇండియానాలో ఇది 1970ల నుంచీ ఉన్న పన్ను.

ఆస్తి పన్నుకు, ఆదాయ పన్నుకు మధ్య ఉన్న ఈ ముడి ఎలా పడిందో తెలిస్తే మీ భయంలో ఎంత నిజముందో మీకే తెలుస్తుంది. మీ ఇంటి విలువను 4,50,000 డాలర్లుగా మదింపు చేశారనుకుందాం. మీ ప్రాంతంలోని నగరం, బడి, గ్రంథాలయం, టౌన్‌షిప్ వగైరా సంస్థల రేట్లన్నీ కలిపి లెక్కిస్తే పన్ను 5,000 డాలర్లు వచ్చిందంటే, 1 శాతం పరిమితి 4,500 కనుక మిగిలిన 500 డాలర్లను 'సర్క్యూట్ బ్రేకర్ క్రెడిట్' పేరుతో బిల్లులో తీసివేస్తారు. మీకు మిగిలిన ఆ 500 డాలర్లను ఆ సంస్థలు తమ తమ వాటాల మేరకు కోల్పోతాయి. ఆ లోటు భర్తీ కావాలంటే ఖర్చైనా తగ్గాలి, మరో రాబడైనా రావాలి. ఓటర్లు రెఫరెండంలో ఆమోదించిన బడి పన్ను మాత్రం ఈ పరిమితికి బయటే ఉంటుంది కనుక, మీ బిల్లు 1 శాతం దాటి కనిపిస్తే పొరపాటు జరిగిందని అనుకోకుండా ముందు ఆ వరుస చూడండి.

లేక్ కౌంటీ చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. ఆ కౌంటీ చాలాకాలం ఆదాయ పన్ను వేయడానికి ఒప్పుకోలేదు. 2007లో శాసనసభ, ఆదాయ పన్ను పెట్టుకునేదాకా అక్కడి స్థానిక సంస్థల ఆస్తి పన్ను వసూళ్లు పెరగకుండా స్తంభింపజేసింది. ఆరేళ్లు అలాగే నెట్టుకొచ్చి, 2013లో 1.5 శాతం ఆదాయ పన్నును ఆమోదించక తప్పలేదు. దానితో రాష్ట్రంలోని 92 కౌంటీల్లోనూ ఈ పన్ను వచ్చినట్లయింది.

మీరు విన్న కొత్త చట్టం 2025 ఏప్రిల్ 15న గవర్నర్ మైక్ బ్రాన్ సంతకం చేసిన సెనేట్ ఎన్‌రోల్డ్ యాక్ట్ 1. సొంత నివాసం ఉన్నవారికి 2026 బిల్లుల నుంచి పన్నులో 10 శాతం, గరిష్ఠంగా 300 డాలర్ల తగ్గింపు ఇస్తూనే, జనాభా 3,500కు తగ్గని నగరాలు, పట్టణాలు తమ నివాసుల ఆదాయంపై 1.2 శాతం వరకు సొంతంగా పన్ను వేసుకునే వీలును కూడా అది కల్పించింది. ఈ వీలు 2028 నుంచి అన్నది సంతకమైన నాటి గడువు. ఇలాంటి గడువులను శాసనసభ తర్వాతి సమావేశాల్లో మార్చడం కద్దు కనుక, మీ నగర మండలి తీర్మానం తెచ్చిందా లేదా అన్నదే మీరు చూడవలసింది. ఇప్పుడున్న కౌంటీ పన్నుకు ఈ 1.2 శాతం నేరుగా తోడవుతుందని కూడా అనుకోవద్దు. కౌంటీ రేట్ల నిర్మాణాన్నే ఆ చట్టం తిరగరాసి, కౌంటీ, నగరం కలిపి 2.9 శాతం దాటకూడదన్నది.

ఈ మార్పు గురించి నా అభిప్రాయం దాచుకోను. నగరం 1 శాతం వేసిందనుకుంటే, పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 1,50,000 డాలర్లు ఉన్న కుటుంబం 1,500 డాలర్లు కడుతుంది. ఇంటి బిల్లులో ఆ కుటుంబానికి దక్కేది మహా అయితే 300. అద్దె ఇంట్లో ఉన్న ఉద్యోగికి ఆ 300 కూడా నేరుగా దక్కదు. భారం ఆస్తి నుంచి జీతానికి మారుతోందన్న మాట వాస్తవం. పైగా ఇండియానా పన్ను లెక్క ఫెడరల్ రిటర్న్‌లోని ఆదాయం నుంచే మొదలవుతుంది కనుక, హైదరాబాద్ ఫ్లాట్ అద్దె, అక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కూడా కౌంటీ పన్ను లెక్కలోకి వస్తాయి.

ఇక మీ ఇద్దరి 2025 పన్ను విషయం. కౌంటీ పన్నుకు ఆ ఏడాది జనవరి 1న మీరు ఎక్కడ నివసిస్తున్నారన్నదే ప్రమాణం. తర్వాత ఎన్ని ఇళ్లు మారినా ఆ ఏడాదికి అది మారదు, భార్యాభర్తలకు విడివిడిగా చూస్తారు. ఆ రోజున మీ భర్త ఇండియానాపొలిస్ ఉన్న మేరియన్ కౌంటీలో ఉన్నారు కనుక, మార్చి నుంచి కార్మెల్‌లో ఉన్నప్పటికీ ఏడాది మొత్తానికి ఆయన మేరియన్ రేటు 2.02 శాతమే కట్టాలి. కార్మెల్ ఉన్న హామిల్టన్ కౌంటీ రేటు 1.1 శాతం. కుటుంబం షికాగోలో ఉన్నందున ఆయన నివాసం ఇల్లినాయిసే అని వాదించినా ఫలితం మారదు. జనవరి 1న రాష్ట్రం వెలుపల నివసిస్తూ ఇండియానాలో ప్రధానంగా పనిచేసేవారు పనిచేసే కౌంటీకే కట్టాలి, అదీ మేరియనే.

మీ సంగతి వేరు. జనవరి 1న మీ నివాసం, ఉద్యోగం రెండూ ఇల్లినాయిస్‌లో ఉన్నందున 2025కు మీపై ఇండియానా కౌంటీ పన్నే లేదు. రాష్ట్ర పన్ను మాత్రం ఉంటుంది. జీతంలో పన్ను కోత కోసం యజమానికి ఇచ్చే డబ్ల్యూహెచ్-4 ఫారంలో జనవరి 1 నాటి కౌంటీ గడి నింపేటప్పుడు హామిల్టన్ అని రాసి ఉంటే, ఏప్రిల్ నుంచి మీ జీతంలో కౌంటీ పన్ను కోత పడే ఉంటుంది. ఆ సొమ్ము ఐటీ-40పీఎన్‌ఆర్ (ఏడాదిలో కొంతకాలమే రాష్ట్రంలో ఉన్నవారి) రిటర్న్‌తో పాటు కౌంటీ పన్ను లెక్క చూపే సీటీ-40పీఎన్‌ఆర్ షెడ్యూలు సరిగా నింపితే రిఫండ్‌గా తిరిగి వస్తుంది. సాఫ్ట్‌వేర్ ప్రస్తుత చిరునామాను బట్టి హామిల్టన్ అని తానే నింపే ప్రమాదం ఉంది కనుక, మీ ఇద్దరి గడులనూ స్వయంగా సరిచూసుకోండి. షికాగోలో మార్చి వరకు ఉన్నట్లు అద్దె ఒప్పందం, ఇల్లినాయిస్ జీతం స్లిప్పులు భద్రపరచండి. 2026 జనవరి 1 నాటికి ఇద్దరూ కార్మెల్‌లోనే ఉన్నారు కనుక ఆ ఏడాది నుంచి ఇద్దరికీ హామిల్టన్ రేటే. మీ భర్త కొత్త డబ్ల్యూహెచ్-4 ఇవ్వకపోతే మేరియన్ కోత కొనసాగుతూనే ఉంటుంది.

1 శాతం పరిమితి దానంతట అది రాదు. రిజిస్ట్రేషన్ నాటి సేల్స్ డిస్‌క్లోజర్ ఫారంలో హోంస్టెడ్ (సొంత నివాసపు మినహాయింపు) కోరారో లేదో కౌంటీ ఆడిటర్ వద్ద చూసుకోండి. అది లేకపోతే 2 శాతం పరిమితి కిందికి వెళ్తారు. ఎప్పుడైనా ఆ ఇల్లు అద్దెకిచ్చి వేరేచోటికి మారితే 60 రోజుల్లో ఆడిటర్‌కు తెలియజేయాలి. లేదంటే తప్పుగా పొందిన పన్ను మినహాయింపుతో పాటు 10 శాతం జరిమానా కూడా కట్టవలసి వస్తుంది.

హెచ్-1బీ వీసాతో ఓటు వేయడానికి గానీ, ఓటరుగా నమోదు కావడానికి గానీ వీలులేదు. పొరపాటున నమోదైనా వలస హోదాకే ముప్పు. కానీ ఆదాయ పన్ను తీర్మానంపై నగర మండలి జరిపే బహిరంగ విచారణలో మాట్లాడడానికి ఓటు హక్కు అక్కరలేదు, ఆ నగరంలో పన్ను కట్టే నివాసిగా మీరు వెళ్లి మాట్లాడవచ్చు. వెళ్లేటప్పుడు సర్క్యూట్ బ్రేకర్ క్రెడిట్ల వల్ల నగరం నిరుడు కోల్పోయిన మొత్తం ఎంత, ప్రతిపాదిత రేటుతో వచ్చే రాబడి ఎంత, రెండోది మొదటిదానికంటే ఎక్కువైతే ఆ మిగులు దేనికి అన్న మూడు ప్రశ్నలూ రాతపూర్వకంగా ఇచ్చి, అవి ఆనాటి మినిట్స్‌లో నమోదు కావాలని కోరండి.