ఏనుగుకు లావు లేదా?

సందేహం: జీవశాస్త్రం పాఠంలో "కణం గ్లూకోజు నుంచి సత్తువ తయారుచేసుకుంటుంది" అన్నాను. శక్తి అనాలనీ, సత్తువ పల్లెటూరి మాటనీ తోటి మాస్టారు అభ్యంతరం చెప్పారు. ఏది ఒప్పు? – ఒక ఉపాధ్యాయిని, గుంటూరు

సమాధానం: పల్లెటూరి మాటైతే వచ్చిన నష్టమేమిటమ్మా? సంస్కృత సత్త్వమే మన నోట సత్తువ అయింది. అయితే మీ ఉత్తరం చదవగానే నా మనసు ఇంకో మాట మీదికి పోయింది. అది లావు.

"లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె" అని పోతన గజేంద్రుడు మొరపెట్టుకుంటాడు. ఏనుగుకు లావు లేకపోవడమేమిటని ఈనాటి పిల్లలు అడుగుతారు. వాళ్ల తప్పు కాదు, మనం చెప్పలేదు. లావంటే బలం. బలవంతుణ్ణి లావరి అన్నారు. అంత చక్కటి మాటను ఒంటి కొవ్వుకు అప్పగించి, ఇప్పుడు లావెక్కామని టెన్షన్ పడుతున్నాం. బలమున్నవాడి ఒళ్లు నిండుగా ఉంటుంది కనుక అర్థం అటు జారి ఉండవచ్చు. ఆ జారడం మరీ అసంగతమూ కాదు. గ్రాము పిండిపదార్థం 4 కిలోకేలరీలిస్తే గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. కొవ్వంటే ఒళ్లు దాచుకున్న లావే.

మీ పాఠానికీ ఈ పద్యం పనికొస్తుంది. ఆక్సిజన్ చక్కగా అందితే ఒక్క గ్లూకోజు అణువు మీద కణానికి సుమారు 30 ఏటీపీలు, అంటే కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు, దక్కుతాయి. వాటిలో ఎక్కువ భాగం కణం లోపలి శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో తయారైనవే. మొసలితో పెనుగులాడే కండకు ఆక్సిజన్ చాలకపోతే పని మైటోకాండ్రియా దాకా పోక కణద్రవ్యంలోనే ఆగి, రెండంటే రెండే చేతికొస్తాయి, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. "తనువున్ డస్సెన్" (ఒళ్లు అలసిపోయింది) అన్న చోట ఆగి ఇది చెప్పండి, పిల్లలు మరిచిపోరు. కండరంలో ఆ ఏటీపీని 1929లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి గుర్తించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని కూడా చెప్పండి.

ఓపిక అన్నా సత్తువనే అర్థం, సహనమనే అర్థం పక్కన ఉంది. "ఒంట్లో ఓపిక లేదు" అనే గుంటూరు ఇళ్లలో ఇప్పుడు "ఎనర్జీ లేదు" అంటుంటే నాకు బాధగా ఉంటుంది.

పరీక్షలో మాత్రం శక్తి అనే రాయించండి. భౌతికశాస్త్రంలో బలం వేరు, శక్తి వేరు. నోటితో వివరించేటప్పుడు సత్తువ అనవచ్చుననే నా అభిప్రాయం, ఒప్పుకోనివారూ ఉంటారు. నాకు అసలు నచ్చనిది మీ వాక్యంలోని "తయారుచేసుకుంటుంది". శక్తి కొత్తగా పుట్టదు కదమ్మా, గ్లూకోజులో ఉన్నదే విడుదలవుతుంది. కణం తయారుచేసుకునేది ఏటీపీని.